భుజాల మీద బూటు ముద్రలు

యాభైల్లో పడ్డ తన మొగుడికి స్నేహితులతో కలిసి బురదలో పాకుతూ, గోడలు దూకుతూ సాగే అడ్డంకుల పరుగు పందేల పిచ్చి పట్టిందంటే లాండ్రీ నడిపే ఆవిడ నమ్మలేదు. పాతికేళ్లుగా మరకలు చూసి మనుషుల గుట్టు పట్టేసే మనిషి ఆమె. పాకినవాడికి మోకాళ్ల మీద ఉండాలి బురద. ఈయనకేమో ప్రతి ఆదివారమూ రెండు భుజాల మీదా బూటు ముద్రలు, అవీ వేర్వేరు సైజులవి!

“ఎవరు తొక్కారండీ మిమ్మల్ని?”

“జారిపడ్డానే.”

“భుజాల మీదా?”

ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం చడీచప్పుడు లేకుండా వెనకే వెళ్లింది. పందెం దారిలో అడ్డంగా కట్టిన ఎత్తు గోడ దగ్గర ఆయన వంగాడు. నలుగురు స్నేహితులూ ఆ భుజాలెక్కి అవతలికి దూకి, వెనక్కి చూడకుండా పరుగెత్తారు. ఆయన గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి నడవబోయాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి ఆయనకు అడ్డుపడి, గోడ దగ్గర వంగింది.

“ఎక్కండి. నా మరకలు నేను ఉతుక్కుంటాను.”