నిప్పుచేతుల వాడు, ఉక్కుచొక్కా వాడు, మా బావ

మా బావ పోయాడు. ‘పోయారు’ అని మర్యాదగా రాయమని మా ఆవిడ అంటోంది. బతికుండగా ఇవ్వని మర్యాద ఇప్పుడిస్తే ఆయనే నమ్మడు. ధర్మవరంలో పొద్దున్నే అంగడి తెరిచి, దేవుడి పటానికి ఊదికడ్డీ వెలిగించి, పరుపు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. అక్క ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. వాదన సగంలో ఉండగా లేచిపోవడం ఆయనకు మొదటి నుంచీ అలవాటే.

ఆయనది పట్టుచీరల అంగడి. నాది హిందూపురంలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే అంగడి. రైలెక్కితే పెనుకొండ దాటి ఇట్టే దిగిపోవచ్చు. దూరమైనా ఉంటే కొంత శాంతి ఉండేదేమో, అదీ లేదు. ఆదివారం వస్తే ఆయనైనా ఇక్కడికి వచ్చేవాడు, నేనైనా అక్కడికి పోయేవాణ్ణి. కొట్లాడుకోవడానికి.

కారణం చెబితే నవ్వుతారు. నవ్వండి. బొమ్మల పుస్తకాల్లో నుంచి తీసిన సినిమా ఒకటి అక్క పిల్లలతో కలిసి హిందూపురంలో చూశాం. అందులో ఇద్దరు వీరులు. ఒకడికి పుట్టుకతోనే చేతుల్లో నిప్పు. ఇంకొకడు మామూలు మనిషి, షెడ్డులో కూర్చుని తనే ఒక ఉక్కు చొక్కా తయారుచేసుకుని తొడుక్కుంటాడు. ఇద్దరూ కొట్టుకోబోతుంటే ఎవడో అడ్డం వచ్చి చేతులు కలిపించాడు, సినిమా అయిపోయింది. తేల్చాల్సిన వాళ్లు తేల్చకుండా వదిలేస్తే ఆ పీడ మా ఇంటికి చుట్టుకుంది. పిల్లలు ఐస్‌క్రీమ్ తిని మరిచిపోయారు. మేం మరవలేదు.

“నిప్పుచేతులోడే గెలుస్తాడు. వాడు పట్టుకుంటే ఉక్కు కరిగి కారిపోతాది,” అన్నాడు బావ, హాలు బయటికి రాగానే.

“ఉక్కు కరగల్లంటే ఎంత సెగ కావల్లో నీకు తెల్సునా బావా? యా చీర మడతలో నేర్చుకున్యావు?”

“నువ్వు చెప్పొద్దులేప్పా. కాలిపోయిన మోటార్లన్నీ నీ దగ్గరికే కదా తెస్తారు! చేసిండేది యాదైనా చెడిపోతాది. పుట్టిండేది చెడదు.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన అంగడి వాళ్ల నాయన ఇచ్చింది. నాది నేను చేతులు కాల్చుకుని పెట్టుకున్నది. ఆ రోజు నుంచి ఆయన నిప్పుచేతుల వాడి వకీలు, నేను ఉక్కుచొక్కా వాడి వకీలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన. నేనూ తక్కువ తినలేదు.

పెళ్లిచీరలకని వచ్చినవాళ్ల ముందు చీర విప్పుతూనే, “మీరే చెప్పండమ్మా, వాళ్లిద్దరిలో ఎవరు గెలుస్తారు?” అని అడిగేవాడు. సినిమా చూడనివాళ్లకు కథంతా చెప్పి మరీ అడిగేవాడు. నిప్పుచేతుల వాడని చెప్పినవాళ్లకు టీ. నావాణ్ణి మెచ్చినవాళ్లకు మంచినీళ్లు. నేను మండిపడితే, “బేరం లేనిదే చీర పోదు, కొట్లాట లేనిదే బంధుత్వం నిలవదు” అని ఒక సామెత తనే పుట్టించి నా మొహాన కొట్టేవాడు.

నాకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు కూడా వదల్లేదు. మంచం పక్కన కూర్చుని, నా కుట్లు పిగిలేలా వాదించాడు. నర్సు బయటికి గెంటింది. తెల్లారేసరికి ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చి, నన్ను లేపి కూర్చోబెట్టి, మొహం కడిగి, నిన్న ఆగిన చోట మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చేదాకా నా పక్క నుంచి కదల్లేదు. సొంత అన్న ఉన్నా అంత చెయ్యడు. అది ఒప్పుకుంటాను. అదొక్కటే ఒప్పుకుంటాను.

చెడింది పెనుకొండలో, మా పెద్దమ్మ మనవరాలి పెళ్లిలో. బంతిలో పక్కపక్కనే కూర్చోబెట్టారు, ఎవరి బుద్ధి తక్కువో. పప్పు వడ్డించేలోపే మొదలైంది. మాట మీద మాట పెరిగి, “నాయన అంగడిలో కూర్చున్నోడికి పుట్టుకే గొప్పగా కనపడతాది,” అనేశాను. బావ విస్తరి వదిలి ఎంగిలి చేత్తో లేచిపోయాడు. అందరూ తినకముందే బంతిలో ఒకడు లేస్తే పిలిచినవాళ్లకు తలవంపులు. “యా సినిమావోని కోసరమో నా పెండ్లిబంతి చెడగొడతార్రా, మీ నోళ్లు పడ!” అని పెద్దమ్మ అందరి ముందూ ఇద్దర్నీ తిట్టింది.

ఆ తర్వాత నేరుగా మాటల్లేవు. కానీ ఆదివారాలు ఆగలేదు. ఒకే గదిలో కూర్చునేవాళ్లం. “ఆయప్పకు చెప్పక్కా, ఉక్కుచొక్కా లోపల సెగ తగలకుండా ఏర్పాటు ఉండాదని,” అనేవాణ్ణి. “దానికి కరెంటు యాడ్నుంచి వస్తాదో కనుక్కోమే,” అనేవాడు ఆయన.

“ఇద్దరికీ చెవులుండాయి కదా, మధ్యలో నా ప్రాణం తీస్తారు యాలప్పా?” అనేది అక్క.

అలా ఉండగానే పోయాడు.

దినాల నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి మిద్దె మీద ఉంచాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. కాకులు పిట్టగోడ మీద వాలి, చూసి, పోతున్నాయి. “అంగడి మూయను, నేనే చూసుకుంటా,” అని అక్క మాటిచ్చింది. రాలేదు. “బాగా చదువుకుంటా నాయనా,” అని పాప దండం పెట్టింది. రాలేదు. ఎండ నెత్తికెక్కింది. కింద చుట్టాలంతా ఆకలితో కూర్చున్నారు. అక్క నా వైపు తిరిగింది.

“నువ్వు చెప్పురా.”

“ఏం చెప్పల్ల?”

“ఏం చెప్పల్లో నీకు తెల్దా?”

“సచ్చిపోయినోడికి అబద్ధం చెప్పమంటావా అక్కా? నా వల్ల కాదు.”

“నీతో మాట్లాడకుండానే పాయ కదరా! ఆ మనిషి అట్ల అల్లాడతాంటే నేను యాడ నిద్రపోయేది? నీ పట్టు నీ దగ్గరే పెట్టుకో, నాకోసరం ఒక్క మాట అను.”

అక్క ఏడుస్తుంటే చూడలేకపోయాను. విస్తరి ముందుకు పోయి నిలబడ్డాను. పళ్లు కొరుక్కుంటూ అన్నాను: “సరేలే బావా. నీ నిప్పుచేతులోడే గెలిచినాడు. ఉక్కు కరిగిపోయింది. సాలునా?”

కాకి దిగింది. వడ మీద ముక్కు పెట్టింది. “ముట్టె, ముట్టె!” అని అందరూ చేతులు జోడించారు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుని, అమ్మయ్య అని కూలబడింది. ఒక్కొక్కరే మెట్లు దిగి భోజనాలకు పోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా మాట ఒక్కటైనా ఎదురు చెప్పకుండా వదిలిన మనిషి కాదు. నేను ఓడానంటే ధర్మవరమంతా టముకు వేసి, “ఎట్ల గెలిచినాడో నీ నోటితోనే చెప్పు” అని మళ్లీ మొదటికి రావాల్సినవాడు. గెలుపు తీసుకుని ఇంత నెమ్మదిగా పోతాడా? ఇదేనా కావాల్సింది?

“అబద్ధం చెప్పినా! కరగలేదు ఉక్కు! రా బావా, వచ్చి కాదను!” అని అరిచాను. కాకి వడ ముక్క కరుచుకుని లేచింది. ఇళ్ల మీదుగా, రైలు పట్టాల మీదుగా చిన్నదైపోతూ పోయింది. నేను అరుస్తూనే ఉన్నాను. అది వెనక్కి చూడలేదు.