మా చెల్లెలి కుడికాలు

మా చెల్లెలు పోయిన శుక్రవారం నిద్రలోనే పోయింది. పలకరింపుకు వచ్చిన మీలో సగంమంది "నడుము నొప్పికి మందు కనిపెట్టిన మనిషి" అన్నారు. దుఃఖంలో ఉండి అప్పుడు ఊరుకున్నాను. ఆమె ఏ మందూ కనిపెట్టలేదు. కనిపెట్టి ఉంటే ముందు నా నడుము మీదే పరీక్షించేది.

ఆమె చేసిందేమిటో చెబుతాను. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లలా డిస్కులుంటాయి. వాటి లోపలికి రక్తనాళాలు పోవు. అక్కడి కణాలకు ఆక్సిజన్ అరకొరగానే అందుతుంది. అంత తక్కువలో అవి ఎట్ల బతుకుతాయన్నదే హైదరాబాదు ప్రయోగశాలలో ఆమె ఉద్యోగమంతా. మామూలు కణాల్లో ఆక్సిజన్ అందగానే చెదిరిపోయే ఒక ప్రోటీను, ఈ కణాల్లో మాత్రం నిలిచే ఉంటుందట. ఏ జన్యువు పనిచేయాలో చాలావరకు అదే చూస్తుంది. ఆక్సిజన్ లేకుండానే చక్కెర నుంచి శక్తి తీసే జన్యువులను, దిండులో తడి నిలిపే పదార్థాన్ని చేయించే జన్యువులను పనిలో పెడుతుంది. "ఊపిరాడని చోట పడినాయి అక్కా. ఆ చోటుకు తగ్గట్టే కాపురం దిద్దుకున్నాయి" అనేది.

మన మార్కాపురంలో ఇదెవరికీ పట్టలేదు. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది, తలకన్నా ముందు కాళ్ళు బయటపడ్డాయి. అట్ల పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మన నమ్మకం. ఆమె చిన్నప్పటి నుంచీ, పలకల గనుల్లో వంగి పనిచేసేవాళ్ళంతా వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్ళు. ఆమె రిటైరై నా పక్క వాటాలో దిగాక కూడా అదే వరస. కుడికాలు గోనెపట్టా మీద తుడుచుకుని, ఆనీ ఆననట్టు నడుముకు తాకించేది. వెంటనే వంగి, వాళ్ళ భుజం తాకి కళ్ళకద్దుకునేది.

"ఇంత చదివి ఇదేందే?" అని అడిగాను.

"నా కాలికి మహిమ లేదక్కా. కానీ వాళ్ళు నా మాట వినేది బోర్లా పడుకున్నప్పుడే."

నిజమే. అర్ధవీడు దగ్గర గొర్రెలు కాచుకునే ఒకాయన, మాకు వరసకు బావ, పోయిన నెల కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"గట్టిగా తన్ను మరదలా, పొట్టేలును తన్నినట్టు."

"తిమ్మిరి కాలికి దిగింది బావా, ఇది తన్నుకు పోయేది కాదు. నరం నలుగుతా ఉంది. ఆసుపత్రికి పోదాం పా."

"ఆడ కోస్తారు."

"కోయకుంటే మంచాన పడతావు. నీ గొర్రెల్ని ఎవరు కాస్తారు, నేనా?"

"కాస్తే ఏంది? మహిమ గల కాళ్ళు గదా!"

చివరికి బేరం కుదిరింది. ఆమె కాలు తాకించింది, ఆయన స్కాను తీయించుకున్నాడు. ఈ వచ్చే బుధవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు. ఆలస్యమైతే ఆ కాలు నిలవదని కూడా అన్నారు. ఆపరేషన్ నాడు ముందు తన్ను, తర్వాతే ఆసుపత్రి అని ఆమె చేత ఒట్టేయించుకుని ఆయన మందతో నల్లమలలోకి పోయాడు. అక్కడ ఫోను అందదు. ఆమె లేదన్న సంగతి ఆయనకు తెలియదు.

బుధవారం మొదటి బస్సు దిగి, నేరుగా వచ్చి, తలపాగా తలకింద పెట్టుకుని మా అరుగు మీద బోర్లా పడుకుంటాడు. సంగతి నేను చెబుతాను. కానీ నేను అందరిలాగే తల ముందుగా పుట్టాను, అక్కరకు రాను. మీ ఇళ్ళలో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళుంటే ఒకరు రండి. వస్తూ ఒక ఆటో మాట్లాడుకుని రండి, అట్నుంచటే ఆసుపత్రికి పోవచ్చు. గట్టిగా వద్దు, పాదం తాకిస్తే చాలు. తర్వాత వంగి, ఆయన భుజం తాకి కళ్ళకద్దుకోండి. అది చేసేదాకా ఆయన లేవడు.