అమ్మణ్ణి చేతి వాసన

అమ్మణ్ణీ, నీ గురించి రాయమని మీ కాలేజీ వాళ్లు ఇంటికి వచ్చి అడిగారు. ఐదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు రాయడం ఏం తెలుసు అన్నా వినలేదు. మాట్లాడినట్టే రాయండమ్మా, పిల్లలు చదువుకుంటారు అన్నారు. అందుకని రాస్తున్నాను.

పిల్లలూ, నా కూతుర్ని ఇంట్లో అమ్మణ్ణి అనే పిలిచేవాళ్లం. చిత్తూరులో మీకు జువాలజీ చెప్పిన మేడం తనే. తను పోయిన కబురు తిరుపతిలో మా అంగడికి ఫోనులో వచ్చింది. మాది పూజసామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి అమ్ముతాం. వాళ్ల నాయన మధ్యాహ్నం పూట అంగడి వదిలి ఎప్పుడూ రారు. ఆ రోజు వచ్చారు. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి, "అన్నం తిన్న్యావా?" అని అడిగారు.

"ఇప్పుడే తింటి. మీకు పెట్టేదా?" అన్నాను.

"వద్దు" అని అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. ఫోను వచ్చి చాలాసేపయిందని, నేను తినే వేళ దాటేదాకా ఆయన అంగట్లోనే కూర్చున్నారని తర్వాత తెలిసింది.

జ్వరం వచ్చిన సంగతి మాకు తెలియదు. మామూలు జ్వరమే, తగ్గాక చెబుదాంలే అనుకుందట. అది తలకెక్కిందని డాక్టర్లు చెప్పారు. అంతకంటే నాకు తెలియదు.

తను చదువుకున్న రోజుల గురించి చెబుతాను. డిగ్రీ అయ్యాక ఎం.ఎస్సీ. జువాలజీలో సీటు వచ్చింది. తిరుపతిలోనే కాబట్టి ఇంటినుంచే పోయి వచ్చేది. పరిశోధనలూ అవీ ఉండవు, రెండేళ్లు పాఠాలు, ప్రాక్టికల్స్, పరీక్షలు అంతే, పాసైతే లెక్చరర్ కావచ్చు అని నాకు చెప్పింది. లెక్చరర్ కావడం ఒక్కటే దానికి కావాల్సింది. చిన్నప్పటినుంచి వేరే మాట అనలేదు.

మా ఇంట్లో మాంసం ముట్టం. గుడ్డు కూడా గడప దాటి రాదు. అలాంటి ఇంటి పిల్ల రోజూ కప్పలు, రొయ్యలు, సొరచేపలు కోసి వచ్చేది. డిగ్రీలో వారానికొక పూట కాబట్టి ఎట్లో జరిగిపోయింది. ఎం.ఎస్సీ.లో దాదాపు రోజూ అదే పని. మా అత్త, అంటే దాని అవ్వ, మడీ ఆచారం గట్టిగా పట్టే మనిషి. పిల్ల వెనకవైపు నుంచి రావాలి, బావి దగ్గర తలకు నీళ్లు పోసుకోవాలి, కాలేజీ బట్టలు అక్కడే తడిపేయాలి, అప్పుడు లోపలికి. "ఆ చేతుల్తో నా ఊరగాయ జాడీ తాకినావంటే సూడు" అని రోజూ ఒకసారి చెప్పేది. అమ్మణ్ణి కూడా రోజూ ఒకసారి, "తాకనులే అవ్వా, నీ జాడీలో కప్ప యాడుండాది కొయ్యడానికి" అనేది. అవ్వ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగేది.

స్నానంతో ఒళ్లు శుభ్రం అయ్యేది గానీ చేతుల వాసన పోయేది కాదు. ఆ జీవాలు కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే మందులో వేసి ఉంచుతారు. ఆ వాసన వేళ్లకు పట్టుకుంటే ఎన్ని నీళ్లు పోసినా పోదు. వేళ్ల చివర తోలు కూడా గట్టిపడింది. మన తిండి చేత్తో కలుపుకుని తినేది కదా. పళ్లెం ముందు కూర్చుని, ముద్ద కలిపి నోటి దాకా తీసుకుపోయేది. వాసన తగలగానే చెయ్యి కిందికి దిగిపోయేది. మంచినీళ్లు తాగి లేచేది.

వాళ్ల నాయనకు దీంతో పౌరుషం వచ్చింది. వాసనలు అమ్ముకునే ఇంట్లో వాసన పోగొట్టలేమా అని అంగట్లోంచి ఒక్కొక్కటే తెచ్చారు. పసుపు పూశాం. గంధం పూశాం. కచ్చూరాల పొడి, పచ్చకర్పూరం, చివరికి సాంబ్రాణి పొగ కూడా చేతులకు పట్టాం. "నాయనా, ఇప్పుడు నేను దేవుడి గదిలో చచ్చిపోయిన చేప మాదిరి ఉండా" అంది. ఆయన ఇంక ఏమీ తేలేదు. చెంచాతో తినమని నేనంటే, చెంచా పట్టుకునే చెయ్యి కూడా ముక్కు దగ్గరికే వస్తుంది కదమ్మా అంది. నిజమే.

పొద్దున తినే ఇడ్లీతోనే రోజంతా గడిపేది. మనిషి చిక్కిపోయింది. ఒకరోజు ప్రాక్టికల్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే తోటి పిల్లలు రిక్షాలో తెచ్చి దించిపోయారు. వాళ్ల నాయన ఆ రోజు ఒకటే మాట చెప్పారు.

"పిల్ల కడుపుకు తినని సదువు మనకెందుకు? ఈ ఏడు పరీక్షలు కానీ. పిల్లకు ఒళ్లు రాలేదో, రెండో ఏడు పంపించేది లేదు."

ఆయన అరిచే మనిషి కాదు. మెల్లగా చెబితే ఇంక మార్చరు. అమ్మణ్ణి గోడవైపు తిరిగి పడుకుంది.

మరుసటి రోజు అది రాగానే నేను పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నాను. పప్పు, అన్నం, నెయ్యి కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను.

"ఏంమా, నేనేమన్నా పసిబిడ్డనా?"

"నోరు తెరు. సదువుకునేది నువ్వు, కలిపేది నేను."

తినింది. ఇంకా పెట్టమంది. ఆ రోజునుంచి అదే అలవాటైంది. నేను కలిపి పెడుతుంటే ఆ రోజు పాఠం నాకు చెప్పేది. సొరచేప తలలో నరాలు దారప్పోగుల్లా ఉంటాయట, ఒక్కటీ తెగకుండా బయటికి తీసి చూపించాలట. సగం అర్థమయ్యేది, సగం కాదు. మా పక్కింటామె చక్కెర కోసం వచ్చి ఈ వేడుక చూసింది. "ఏమక్కా, ఎమ్మెస్సీ పాపకు ఇంకా పాలు మాన్పించలేదా?" అని ఎగతాళి చేసింది. అమ్మణ్ణి నోట్లో ముద్ద పెట్టుకునే, "పిన్నీ, నీక్కూడా ఒక ముద్ద పెట్టమని చెప్పేదా? వరసలో కూర్చో" అంది.

అట్లా ఆ ఏడు గడిచింది. ఏడాది చివరి ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే సరికి నేను దూరం కూర్చోవలసిన రోజులు వచ్చాయి. మా ఇంట్లో ఆ రోజుల్లో ఆడవాళ్లు వంటింట్లోకి పోకూడదు, ఎవరినీ తాకకూడదు. వెనక వసారాలో చాప మీద ఉండాలి. వంట అత్తదే. ప్రతి నెలా ఆ మూడు రోజులూ అమ్మణ్ణి పొద్దుటి ఇడ్లీతోనే సరిపెట్టుకునేది. పరీక్షకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి చెయ్యాలి. మొదటి పరీక్షకు ముందురోజు సాయంత్రం అది కాలేజీనుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, అవ్వ వడ్డించిన పళ్లెం ముందు కూర్చుంది. నేను వసారాలోంచి చూస్తున్నాను. ముద్ద కలిపింది. చెయ్యి నోటి దాకా పోయి దిగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దిగిపోయింది. రేపు పడిపోతే ఏడాది చదువూ పోయినట్టే. వాళ్ల నాయన మాటా నిజమైపోతుంది. నాకు రెండు చేతులూ ఉండి కూడా ముద్ద పెట్టలేని పరిస్థితి.

అత్త పొయ్యి దగ్గర నుంచి చూసింది. తర్వాత మడిచీర కొంగు బిగించుకుని వచ్చి దాని ఎదురుగా కూర్చుంది.

"జరుగు మే. ఆ పళ్లెం ఇట్లియ్యి."

"అవ్వా, నీ మడి?"

"మడి నాది. నీకెందుకు? నోరు తెరు."

పెద్ద పెద్ద ముద్దలు పెట్టింది. పెడుతూ అడిగింది, "కోసే ముందర దానికి దండమన్నా పెట్టుకుంటావా?"

"లేదవ్వా."

"రేపట్నుంచి పెట్టుకో. అది నీకు సదువు చెప్తా ఉండాది కదా."

అన్నమంతా తినిపించి, నేరుగా బావి దగ్గరికి పోయి నెత్తిన నీళ్లు పోసుకుంది. పరీక్షలన్నీ అయ్యేదాకా రోజూ పెట్టడం, రోజూ నీళ్లు పోసుకోవడం. పిల్ల పాసైంది. వాళ్ల నాయన రెండో ఏడు ఫీజు తనే పోయి కట్టి వచ్చారు. అత్త ఇప్పుడు లేదు. ఈ కబురు వినకుండా పోయింది.

లెక్చరరై చిత్తూరు పోయాక కూడా శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేది. చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, నవ్వి, నా ముందు కూర్చుని నోరు తెరిచేది. పెళ్లి సంబంధాలు చూస్తూ ఉన్నాం. "అమ్మా, వచ్చే అల్లుడికి అన్నం కలపడం వస్తుందో లేదో ముందు కనుక్కో" అనేది.

మీరు చాలామంది ఇంటికి వచ్చారు. ఏడుస్తూనే ఎన్నో చెప్పారు. ప్రాక్టికల్ ఉన్న రోజు మేడం ల్యాబ్ వాకిట్లో నిలబడి మీ టిఫిన్ డబ్బాలు తెరిపించేదట. ఖాళీ డబ్బా చూపిస్తేనే లోపలికి. "ఆకలితో ఉన్న చెయ్యి వణుకుతుంది, వణికే చేత్తో నరం తెగుతుంది" అనేదట. కత్తి పట్టే ముందు కోసే జీవం ఉన్న ట్రేకు దండం పెట్టించేదట. ఎందుకో మాకు తెలియదు, పద్ధతి అనుకున్నాం అన్నారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ కబురు విని చిత్తూరు ఆస్పత్రికి పోయి దాని పక్కన కూర్చున్నప్పుడు కుడి చెయ్యి తీసుకుని వాసన చూశాను. జ్వరంతో సెలవులో ఉండింది కాబట్టి ఫార్మలిన్ వాసన లేదు. గంధానికి పోలేదు, కర్పూరానికి పోలేదు, దానంతట అదే పోయింది. ఉంటే బాగుండును అనిపించింది.

ఇప్పుడు కూడా శనివారం సాయంత్రం నా పళ్లెంలో అన్నం కలిపితే మొదటి ముద్ద కొంచెం పెద్దదిగా వస్తుంది. పళ్లెం అంచున పెడతాను. కాసేపటికి నేనే తింటాను.

పిల్లలూ, ఇంక ఎవరూ మీ డబ్బాలు తెరిచి చూడరు. మీ అంతట మీరే, ప్రాక్టికల్‌కు పోయే ముందర, కడుపునిండా అన్నం తినండి.