ఏ గాలివానకి పుట్టానో

2015 సెప్టెంబరు, మధ్యాహ్నం రెండున్నర. ట్రక్కు దిగిన చోటు నుంచి సరిహద్దు కొండ మీది పోస్టుకి నాలుగు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోలు, భుజాన రైఫిల్. కళింగపట్నం ఇసుకలో పెరిగిన కాళ్లు నావి. ఆ రాళ్ల మీద రెండుసార్లు కూలబడ్డాను. హవల్దారుని, సెక్షన్ కమాండర్ని, సిగ్గేసింది.

పోస్టంటే రెండు బంకర్లు, ఒక వంట గుడారం. పన్నెండు మందిమి, ఆరు నెలల డ్యూటీ. బంకర్ గోడకి పన్నెండు మేకులు, మేకుకొక మగ్గు. రేడియో ఆపరేటర్‌ది మా జిల్లాలోనే రాజాం. వచ్చిన తొలిరోజే నన్ను బావా అనేశాడు.

"బావా, మీకాడ సముద్రముంది, మాకాడ వరి ఉంది. మనకీ రాళ్లేటి సెప్పు?" అనేవాడు.

"నువ్వు సరిగా సదవక. నేను అసలు సదవక."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. రోజూ నవ్వేవాళ్లం. అంత హాయిగా మళ్లీ ఎక్కడా నవ్వలేదు.

డిసెంబరులో ఒక ఉదయం, తొమ్మిది నలభై. గస్తీ నుంచి దిగుతున్నాం. మంచు కింద రాయి కదిలింది. ఎడమ పాదం ఇరుక్కుంది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో పట్‌మని చప్పుడు నాకే వినబడింది.

ఆపరేటర్ రేడియోలో చెప్పాడు: "ఒకరు పడ్డారు. మోకాలు. నడవలేరు."

"ఎవరు?" అంది అవతలి గొంతు.

"మా బావ." తర్వాత సర్దుకుని నా ర్యాంకు, నంబరు చెప్పాడు.

నన్ను పోస్టుకి మోసుకొచ్చి, పదకొండింటికి స్ట్రెచర్ మీద కిందికి బయల్దేరదీశారు. సైనిక ఆసుపత్రిలో సర్జన్, ఒక మేజర్ గారు, హిందీలో ఓపిగ్గా వివరించారు. మోకాలి మధ్యలో కీలుని పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగింది. దాని చోట మరొకటి వెయ్యాలి. నా తొడ వెనక నుంచి, కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు తీసి వెయ్యొచ్చు. లేదా చనిపోయిన దాతది వెయ్యొచ్చు. దాతదైతే తొడకి కోత ఉండదు, మొదట్లో నొప్పి తక్కువ. కాస్త వయసు పైబడినవాళ్లకి అది సరిపోతుంది. చిన్నవాళ్లకి, బరువులు మోసి పరిగెత్తేవాళ్లకి అది మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ.

ఆయన నా కాగితం చూశారు. "మీకు నలభై ఒకటి. ఏదైనా పర్వాలేదు. రేపు ఉదయం చెప్పండి."

నొప్పి తక్కువ అన్నమాట ఒక్కటే నా చెవికెక్కింది. దాతదే వేయించుకుని మార్చిలోపు పోస్టుకి ఎక్కేద్దామనుకున్నాను. కానీ ఆ నలభై ఒకటి గుచ్చుతూనే ఉంది. మా పేటలో వయసు చెప్పేది గాలివానలతో. నన్ను బడిలో వేసినప్పుడు అమ్మ "పెద్ద గాలివానకి పుట్టేడు" అంది. మేష్టారు తనకి తెలిసిన పెద్ద గాలివాన సంవత్సరం రాసుకున్నారు. ఆ కాగితం మీదే పట్టాళంలో చేరాను. తప్పుందని అనుమానమే గానీ, ఉద్యోగం పోతుందని ఎప్పుడూ తవ్వలేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. చేపలు ఎండబెట్టే చోట ఉంది, కాకుల గోల వినబడుతోంది.

"అమ్మా, నేను ఏ గాలివానకి పుట్టాను?"

"ఇప్పుడు నీ వయసుతోటి పనేటిరా? మళ్లీ పెళ్లి సేసుకుంతన్నావేటి?"

"సెప్పవే."

"మన తెప్ప కొట్టుకుపోయిన గాలివానకి మీ అక్క. ఆ ఎనకొచ్చిందానికి నువ్వు. సర్చిలో తలదాసుకున్నాం కదా, ఆళ్లే దుప్పటిచ్చేరు. అక్కడే పుట్టేవు."

లెక్క కట్టాను. మేష్టారు రాసుకున్నది అక్క పుట్టిన గాలివాన. అయిదేళ్లు తేడా. నాకు ముప్ఫై ఆరు.

మర్నాడు ఎనిమిదింటికి మేజర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"రికార్డు సంగతి మీ ఆఫీసు చూసుకుంటుంది" అన్నారాయన. "ముప్ఫై ఆరేళ్ల మోకాలు, మోసేది సైనికుడి బరువు. మీ స్నాయువే వేస్తాను. కానీ తొమ్మిది నెలలు కొండ మాట ఎత్తకండి."

"మార్చికి వెళ్లలేనా, సాబ్?"

"ఏ స్నాయువు వేసినా వెళ్లలేరు. వెళ్తే తెగుతుంది."

గోడవైపు తిరిగి ఏడ్చాను. కోతకి కాదు, పోస్టులో మిగిలిన ఆ పదకొండు మంది కోసం.

కాగితం మీద వయసు మారలేదు, ఉద్యోగమూ పోలేదు. సెలవులో ఇంటికొచ్చి కళింగపట్నం తడి ఇసుక మీద మళ్లీ నడక నేర్చుకున్నాను. సెక్షన్ మార్చిలో దిగిపోయింది. ఆ పోస్టు నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు పెన్షన్‌దారుని. తమ్ముడి పడవని నీళ్లలోకి తోసేటప్పుడు ఎడమ కాలే ముందు ఆన్చుతాను. అది నిలబడుతుంది.

అయినా కొన్నిసార్లు, అల వెనక్కి లాగేటప్పుడు, నన్ను స్ట్రెచర్ ఎక్కించిన ఆ ఉదయమే కళ్లముందుకొస్తుంది. వంటవాడు నాకూ టీ పోశాడు. ఇంజెక్షన్ ఇచ్చాం, తాగొద్దు అన్నాడు మా పోస్టులోని నర్సింగ్ అసిస్టెంటు. ఆపరేటర్ ఆ మగ్గుని బంకర్ ముందు ఇసుక బస్తా మీద పెట్టాడు.

"సల్లారిపోతాది బావా, తొరగా వచ్చెయ్యి."

మలుపు తిరిగేదాకా స్ట్రెచర్ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. నా మగ్గు నిండుగా ఉంది, ఆవిరి లేస్తోంది. ఎవరూ దాన్ని తియ్యలేదు.