చిక్కం కర్ర పట్టిన పిల్లలు

స్టీలు ప్లాంటు కాలనీలోని మా సెక్టార్లో లక్రోస్ అంటే ఎవరికీ తెలియదు. కర్ర చివర చిన్న వల ఉంటుంది. అందులో బంతిని పట్టుకుని పరిగెత్తి, ఎదుటివాళ్ళ గోల్లోకి విసరాలి. అంతే ఆట. మొదటిసారి ఆ కర్రలు తెచ్చినప్పుడు పక్క క్వార్టర్ పిన్నిగారు చూసి, మామిడికాయలు కోసే చిక్కం అనుకుని, పెరట్లో చెట్టుకోసం ఒకటి అడిగి పట్టుకెళ్ళారు. సుపేలా బజార్లో ఆటో భయ్యా అయితే చేపలు ఏ చెరువులో పడుతున్నాయని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వారు.

నేను హాకీ ఆడేదాన్ని. మోకాలు దెబ్బతిని మానేశాక, వేరే ఊళ్ళో శిబిరానికి వెళ్ళి ఈ ఆట నేర్చుకొచ్చి, రుఆబాంధా మైదానంలో ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. నా నోరు మంచిది కాదు, తిడతాను. అయినా సాయంత్రమయ్యేసరికి దీదీ అంటూ వచ్చేస్తారు. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా ఒక ప్లాంటు మనిషి ఉంటాడు. షిఫ్టు అయిపోయినా రిలీవర్ వచ్చి పని అందుకునేదాకా మెషీను వదిలి కదలకూడదన్నది ఈ పిల్లలు అన్నంతో పాటు విన్న మాట. బంతీ అంతేనని చెప్పాను. విసిరేసి చేతులు దులుపుకోవడం కాదు, అందుకునేవాళ్ళ కళ్ళలోకి చూసి అప్పగించాలి. నా దగ్గరున్న విద్యంతా ఇదే.

అందరిలోకీ బాగా ఆడే పిల్ల తండ్రి క్రేన్ ఆపరేటర్. రాష్ట్ర జట్టులోకి తీసుకుంటే సరే, లేకపోతే ఈ ఆటకో దండం పెట్టి పదో తరగతి పుస్తకాలు పట్టమని ఇంట్లో తేల్చి చెప్పేశాడు. ఆడకపోతే ఆ పిల్లకి అన్నం సయించదు. అది లేని జట్టు నాకూ ఊహకందదు.

ఎంపిక మ్యాచ్ పక్క ఊరు కుమ్హారిలో. తండ్రి నైట్ షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చి కూర్చున్నాడు. ఆట ముగుస్తుందనగా, గోల్ ముందు, బంతి మా పిల్ల వలలో ఉంది. కొట్టు, కొట్టు అని నేనే గొంతు చించుకున్నాను. నేర్పిన నీతులన్నీ గాలికి పోయాయి. అది తల తిప్పి, పక్కనున్న మా జట్టు పిల్ల కళ్ళలోకి చూసి అందించింది. ఆ పిల్ల గోల్ కొట్టింది. రాష్ట్ర జట్టులోకి ఆ గోల్ కొట్టిన పిల్లనే తీసుకున్నారు.

తండ్రి వచ్చి కూతురి చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. గొడవకి సిద్ధమై నేను ముందుకెళ్ళాను. ఆయన నా వైపు చూడనేలేదు.

"నువ్వే కొట్టీయొచ్చు కదమ్మా. ఎందుకిచ్చీసేవు?"

"నా మీద ఇద్దరున్నారు నాన్నా. అది ఖాళీగా ఉంది."

"ఇచ్చీస్తే నీకింక ఆట ఉండదని తెలుసు కదా."

"తెలుసు."

ఆయన కాసేపు కర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని, కళ్ళలోకి చూసి, కూతురికే అప్పగించి, "రేపెన్నింటికి పంపమంటారు మేడం?" అని నన్ను అడిగాడు. రోజూ వచ్చే వేళకేనన్నాను. అంతసేపూ కళ్ళు తడవని ఆయన కూతురు అప్పుడు భోరున ఏడ్చింది.