టీచరమ్మ వీలునామాకు రెండో సాక్షి

పోయిన నెల విజయనగరంలో మా మేనకోడలి ఆఫీసుకి వెళ్ళాను. అదీ నాలాగే ప్లీడరీ చేస్తోంది, కాకపోతే నాలా ముక్కుతూ మూలుగుతూ కాదు, కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొట్టేస్తుంది. ఎవరిదో వీలునామా తయారుచేసి ఓసారి చూడమని ఇస్తే, అలవాటుకొద్దీ చివరి కాగితం తిప్పి సాక్షుల పేర్లే ముందు చదివాను. ఏటి మావయ్యా, లోకమంతా పైనుంచి చదివితే నువ్వు కిందనుంచి చదువుతావు, అని పకపకా నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను గాని, ఆ అలవాటు ఎలా అంటుకుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వీలునామా రాయడమంటే ఇంట్లో చిన్న పెళ్ళంత హడావుడి. నేను శ్రీకాకుళంలో మా పెదనాన్న దగ్గర జూనియరుని. ఆస్తి తగాదాల్లో ఆయనది పెద్ద చెయ్యి. సాక్షి సంతకాలు వీలైనంతవరకు ఇంటివాళ్ళ చేతే పెట్టించాలని ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. అలా పెట్టినవాడు రేపు కోర్టుకెక్కి నాకేమీ తెలీదని బుకాయించలేడు కదా! ఎచ్చెర్ల రైతుల దగ్గర్నుంచి గజపతినగరం వర్తకుల దాకా ఎందరికో అలాగే రాశాం, ఒక్కటీ బెడిసికొట్టలేదు. దాంతో నాకు కాస్త కళ్ళు నెత్తికెక్కాయని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

శ్రీకాకుళంలోనే మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. దిక్కులేని ఆడపిల్లని తెచ్చి పెంచి, చదివించి, ఒక కాంపౌండరుకిచ్చి చర్చిలో పెళ్ళి చేసింది. టీచరమ్మకి పక్షవాతం వచ్చాక మూడేళ్ళు ఒంటికి నీళ్ళుపోసి, నోటికి అన్నం పెట్టి చూసుకున్నది ఆ పెంపుడు కూతురే. సొంత అన్న ఉన్నాడు గాని గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. తన జీతంతో కట్టుకున్న పెంకుటిల్లు ఆ పిల్లకే చెందాలని టీచరమ్మ కోరిక. పెంచుకున్నంత మాత్రాన ఆ పిల్లకి వారసత్వపు హక్కు రాదు కాబట్టి, వీలునామా తప్ప వేరే దారి లేదు. పెదనాన్న ఆ పని నాకు ఒప్పజెప్పారు.

వెళ్ళాను, రాశాను, చదివి వినిపించాను. పాస్టరుగారు మొదటి సాక్షిగా సంతకం పెట్టారు. రెండో సాక్షిగా పెడతానని పక్కింటి నర్సమ్మ కళ్ళజోడు కూడా తుడుచుకుంది. నేనే వద్దులెండమ్మా అని, పెదనాన్న పాఠం అప్పజెప్పినట్టు, అరుగుమీద నిలబడ్డ కాంపౌండరుని చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చి, ఇంటి అల్లుడివి నువ్వుండగా వేరేవాళ్ళెందుకయ్యా అని కలం అందించాను.

టీచరమ్మ పోయిన ఏడాదికి ఆ అన్నగారు ఇల్లు నాదంటూ దావా వేశాడు. మాకు చీమ కుట్టినట్టయినా లేదు. కాంపౌండరుని బోనెక్కించి సంతకం రుజువు చేయించాం. ఎదుటి ప్లీడరు లేచి ఒకటే ప్రశ్న వేశాడు, ఇల్లు రాయించుకున్నావిడ నీకేమవుతుంది అని. నా బార్యే బాబూ, అన్నాడు ఈయన గర్వంగా. ఆ ప్లీడరు ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. ఇంత చేతగాని ప్లీడరుని ఎక్కడ పట్టారురా అని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా!

వాదనల రోజున ఆయన వారసత్వ చట్టం తీసి ఒక సెక్షను చదివాడు. వీలునామాకి సాక్షిగా నిలిచినవాడికి గాని, వాడి భార్యకి గాని అందులో రాసిన ఆస్తి చెల్లదు. హిందువుల వీలునామాలకి ఆ సెక్షను వర్తించదు, క్రైస్తవులకి వర్తిస్తుంది. అంతే. పెదనాన్న వైపు చూస్తే ఆ మహానుభావుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. లేచి ఏదో చెప్పబోయి కూర్చుండిపోయారు. నాకూ తట్టలేదురా, అని వరండాలో ఒక్క ముక్క అన్నారు. అన్నాళ్ళూ మేం రాసినవన్నీ హిందూ కుటుంబాలవే కావడంతో, ఆ పేజీ తిరగేయవలసిన అవసరమే మాకు పడలేదు.

ఇల్లు అన్నగారికి పోయింది. తీర్పు విన్న ఆ పిల్ల ఏడవనైనా లేదు, గోడకి ఆనుకుని అలా చూస్తూ నిలబడింది. నేను తప్పించుకుపోదామని మెట్లు దిగుతుంటే కాంపౌండరు వెనకాలే వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చెంప పగలగొడతాడనే అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా సంతకమే దాని కొంప ముంచీసినాది బాబూ! మీరు పడ్డ కష్టమంతా నేనే పాడుసేసీసినాను. సెమించండి బాబూ," అన్నాడు.

నన్ను! క్షమించమని! పర్లేదులే అన్నట్టు తల ఆడించి వచ్చేశాను. అంతకన్నా నీచమైన పని నా బతుకులో నేను ఇంకోటి చేయలేదు.

ఇప్పటి క్లయింట్లు అలా కాదు. మా మేనకోడలి ఎదురుగా కూర్చుని, ఫోనులో చట్టం వెతికి, ఇది ఎందుకిలా రాశావమ్మా అని నిలదీసి అడుగుతారు. దానికి విసుగు, నాకు మాత్రం ఎంత హాయిగా ఉంటుందో! దేవుడికి దణ్ణం పెట్టినట్టు మాకు దణ్ణాలు పెట్టిన ఆ కాలం పోయిందని బెంగపడే నా తోటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు కాంపౌండరు నన్ను ఒక్కమాట నిలదీసి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణేమో. తన సంతకమే భార్యని వీధిన పడేసిందని నమ్ముతూనే ఆయన కన్నుమూశాడట.