రోకలి మీద కాలు

పోయిన నెల కర్నూల్లో నాకు తుంటి ఆపరేషన్ అయింది. స్నానాల గదిలో జారి పడితే ఎముక విరిగింది. డాక్టరు కోసి లోపల ఏదో ఇనుప ముక్క పెట్టి, మూడో పొద్దుకే లేపి నిలబెట్టినాడు. కల్లూరులో మా కొడుకింటికి వచ్చినాక, కాలికి కసరత్తు చేయించేదానికి ఒక పిల్ల వస్తాండాది. ఇరవై రెండేండ్లుంటాయేమో, నేను మూలిగితే అది నవ్వుతాది. మొన్న పొద్దున నన్ను కుర్చీలో కూచోబెట్టి, "అవ్వా, పాదం కింద ఏదన్నా గుండ్రంది పెట్టుకుని ముందుకూ వెనక్కూ దొర్లించాల," అని వంటింటి పక్క చూసింది. మా కోడలు ఒక్క మాట అడక్కుండా పోయి చపాతీ కట్టె తెచ్చి నా కాలి కింద పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "తీసెయ్యండి అవతలికి!" అని అరిస్తే పాపం ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. కోడలు మాత్రం బెదరలేదు. "తిండి చేసే కట్టెను తొక్కకూడదనా అత్తా? వంటకు ఇంకోటి కొంటాంలే," అనింది. దానికేం తెలుసు? అది తెచ్చినందుకు కాదు నా కోపం, అంత సులువుగా తెచ్చినందుకు.

మా అత్త కూడా ఇట్లే పడింది. స్వరాజ్యం రాకముందు మాట. అప్పుడు యుద్ధం జరుగుతాండాది, కిరసనాయిలు కోసం మొగోళ్ళు రాజంపేట దాకా నడిచిపోయి ఉత్త సీసాలతో తిరిగొచ్చే కాలం. రాజంపేట దాపునే మా పల్లె. నేను కాపరానికొచ్చి రెండేండ్లు, పందొమ్మిదేండ్లదాన్ని. మా అత్తకు అరవై దగ్గరపడినా కోడి కూసేతలికి లేచి కొర్రలు దంచేది. దంచుతా నన్ను తిట్టేది. నేను చాట పట్టుకోవడం తప్పు, చెరగడం తప్పు, ఆవలించడం ఇంకా పెద్ద తప్పు. తిట్టి తిట్టి అలిసిపోయి, మా ఆయన చూడకుండా నా పిడికిట్లో బెల్లం ముక్క పెట్టేది. అట్లాంటి మనిషి ఒకనాడు అంట్లు తోమి నీళ్ళు పోసుకునే జాలాడి బండ మీద, పాచి పట్టిన చోట కాలు జారి, చేతిలో బిందెతో సహా కూలబడింది. ఆ బిందె సొట్ట ఇప్పుడు తలచుకున్నా నా కండ్ల ముందరే ఉండాది.

కడప నుంచి కట్లు కట్టే సాయిబును బండి కట్టి పిలిపించినారు. తెల్ల గడ్డం, బక్క మనిషి. మనుషులకూ ఎద్దులకూ ఒకటే కట్టు కడతాడని ఊళ్ళో నవ్వేవాళ్ళు గానీ, ఎవరి కాలు విరిగినా ఆయన కోసమే పరిగెత్తేవాళ్ళు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, తుంటి నుంచి మడమ దాకా బిగించి, పాదానికి ఇసక మూట కట్టి మంచం అంచున వేలాడదీసినాడు. రెండు నెలలు కదలొద్దన్నాడు. రెండు నెలలు మా అత్త కదల్లేదు, నోరు తప్ప. సాయిబు తిరిగొచ్చి కట్టు విప్పి, తడిమి చూసి, "ఎముక కూడిండాది పెద్దమ్మా. నా పని అయిపోయింది, ఇంక నీ పనే," అన్నాడు. మంచం అంచున కూచొని, పాదం కింద రోకలి పెట్టుకుని, పొద్దున నూరుసార్లు, మాపున నూరుసార్లు దొర్లించాలంట. ఆ తరవాత గోడ పట్టుకుని నిలబడాలంట, ఆ తరవాత నడవాలంట. "వాడకుంటే అది కాలు కాదు పెద్దమ్మా, మంచం కోడు," అని చెప్పి ఆయన బండెక్కినాడు.

రోకలి! మా ఇండ్లల్లో రోకలంటే లచ్చిందేవి. పొరపాటున కాలు తగిలితే వంగి కండ్లకద్దుకుంటాం. పెండ్లిలో దానికి పసుపు పూసి కంకణం కడతాం. సాయిబు మంచి మనసుతోనే చెప్పినాడు, ఇంట్లో నున్నగా, బరువుగా, గుండ్రంగా ఉండేది ఇంకేముండాది? నేను నోరు తెరుచుకుని నిలబడితే మా అత్తే అనింది, "తేమ్మే." తెచ్చినా. రెండు చేతుల్తో తీసుకుని కండ్లకద్దుకునింది. "నలభై ఏండ్లు దీన్ని నేను ఎత్తి దించినా. ఒక్క నెల ఇది నన్ను మోస్తే దీనికేం పోతాది?" అని పాదం కింద పెట్టుకునింది.

మా ఆయన చేనికి పోయినాక తలుపేసుకుని చేసేవాళ్ళం. మొదటి పొద్దు ఐదుసార్లకే ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నన్ను తిట్టింది, సాయిబును తిట్టింది, పోయిన మామను తిట్టింది, మళ్ళీ దొర్లించింది. పదైంది, యాభై అయింది. లెక్క నేను పెట్టేదాన్ని, నడుమ ఒకటి రెండు ఎగరగొడితే, "ఏమ్మే, ముప్పై ఆరు యాడికి పోయింది?" అని పట్టుకునేది. ఆమెకు ఒకటే పట్టుదల. తీర్థాలు కాదు, ఇరవై మైళ్ళలోపే ఉండే ఒంటిమిట్ట తేరు కూడా కాదు. చెంబు పట్టుకుని మా దొడ్డి కంచె అవతలికి తన కాళ్ళ మీద తాను పోవాల. "కోడలు చేత కుండ మోయించే బతుకు నాకొద్దు. నీకు కంపు, నాకు సిగ్గు," అనేది. ఇరవయ్యో పొద్దుకు గోడ పట్టుకుని లేచింది. ఇంకో నాలుగు పొద్దులకు నా భుజం మీద చెయ్యేసి తలుపు దాకా నాలుగడుగులు నడిచింది. నాలుగంటే నాలుగు! ఆ పొద్దు నాకు రెండు బెల్లం ముక్కలు దొరికినాయి.

ఆ మరుసటి పొద్దున నేను తలుపు దగ్గరికేసినా గానీ గడియ పెట్టడం మరిచిపోయినా. కడప నుంచి మా ఆడబిడ్డ, వాళ్ళ అమ్మను పలకరించేదానికి, ఇంకో ఇద్దరు బంధువుల్ని ఎంటబెట్టుకుని దిగింది. తలుపు తోసింది. మంచం అంచున వాళ్ళమ్మ, చెమటలు కారతా. కాలి కింద రోకలి. దాని పక్కన నేను, లెక్కలో అరవై రెండు దగ్గర.

"అమ్మో, లచ్చిందేవి మీద కాలా!" అని ఆమె పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. "ఒక పక్క వాన లేక శెనక్కాయ చేన్లోనే మాడిపోతాండాది. ఎందుకు మాడదు? ఇంట్లో కోడలు రోకలి తొక్కిస్తాండాదే!" రోకలిని గుంజుకుని, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి దేవుని మూలలో నిలబెట్టింది. మా అత్త ఊరుకోలేదు. "రోకలి వద్దంటే ఇంకో కట్టె ఈయండే నాకు!" అని అరిచింది. దానికి మా ఆడబిడ్డ ఏడిచింది. నిజంగానే ఏడిచింది, అమ్మంటే ఆమెకు ప్రాణం. "నీకేం ఖర్మమ్మా కష్టపడేదానికి? కొడుకుండాడు, కోడలుండాది. మంచం మీద కూచోబెట్టి చెయ్యలేరా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అనింది. చేనికాడ్నించి పరిగెత్తుకొచ్చిన మా ఆయన అంతమంది ముందర తల దించుకుని నిలబడి, "ఈ పొద్దు నుంచి అమ్మ మంచం దిగేది లేదు," అన్నాడు. తీర్పు అయిపోయింది. కాలు ఎవరిదో ఆమెను ఒక్కరూ అడగలేదు.

ఎందుకు మండదు నాకు? రోకలి లచ్చిందేవి, ఒప్పుకుంటా. మరి గొడ్డలికి పెట్టే కట్టె కామ ఏమి దేవుడు? విరిగిన బండి ఇరుసు ఏమి దేవుడు? ఊరి వడ్లాయప్పను అడిగితే అర పూటలో గుండ్రటి కట్టె చెక్కిచ్చేవాడు. నేను అడగలేదు. తొక్కించిన పాపిష్టిదాన్ని నేనే అని ఊరంతా అంటాంటే, నోరు మూసుకుని సంగటి కెలికినా. మా ఆయన మీద కోపం, ఆడబిడ్డ మీద కోపం, అందరి మీదా పెట్టుకున్న కోపం ఒక పక్క. ఆ పందొమ్మిదేండ్ల పిరికిదాని మీద కోపం ఒక పక్క. అది ఇప్పటికీ చల్లారలేదు. ఇంతా చేసి, పసుపు పూసి నిలబెట్టినాక వాన వచ్చిందా? చినుకు రాలలేదు. ఆ ఏడు దంచేదానికి కొర్రలే లేవు, రోకలి దేవుని మూలలోనే ఉత్తగా నిలబడింది.

మా అత్త కాలు మోకాలి దగ్గర వంగి అట్లే బిగుసుకుపోయింది. నాలుగేండ్లు మంచం మీదే. వీపు పుండ్లు పడింది. వచ్చిన చుట్టాలందరూ, "ఎంత బాగా చూసుకుంటాండారమ్మా, కాలు కింద పెట్టనీకుండా!" అని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఆమె ఏ కుండకు సిగ్గుపడిందో ఆ కుండ నాలుగేండ్లు నేనే మోసినా. కంపు నేను మరిచిపోయినా, ఆమె సిగ్గు మాత్రం మరిచిపోలేకపోతాండా. నన్ను తిట్టడం కూడా మానేసింది. స్వరాజ్యం వచ్చిన పొద్దు బడి దగ్గర మిఠాయి పంచుతాండారని పోయి, ఒక ముక్క తెచ్చి నోట్లో పెడితే చప్పరించి, "ఏమ్మే, ఆ పొద్దు గడియ పెట్టింటే నేను కంచె దాటిందును గదా," అనింది. తప్పు పట్టి కాదు, ఊరికే అనింది. ఆ నెలలోనే పోయింది.

మొన్న అరిచిన అరుపుకు వగర్చుకుంటా, ఇదంతా మా కోడలికీ ఆ పిల్లకూ చెప్పినా. ఇద్దరూ నవ్వలేదు. చపాతీ కట్టె ఇంకా నేల మీదే ఉండాది. "తలుపు గడియ పెట్టుపో," అన్నా కోడలితో. "ఎందుకత్తా, ఎవరొస్తారు?" అనింది. నిజమే, ఎవరొస్తారు? అందరూ పోయినారు. "వద్దులే, బార్లా తెరువు. చూసేవాళ్ళను చూడనీ," అని కట్టె మీద కాలు పెట్టినా. ఆ పిల్ల లెక్కపెట్టింది. ముప్పై ఐదు దాటి ముప్పై ఏడు అనింది. "ముప్పై ఆరు యాడికి పోయింది?" అని కసిరినా. ఒక గుండ్రటి కట్టె మా ఇంట్లో కాలి కిందికి రావడానికి యాభై ఏండ్లు పట్టింది. అంత కాలం మా అత్త కాలు యాడ ఆగుతాది?